సంక్లిష్టమైన నేపథ్యం ఉన్న ఇంటరాక్టివ్ ప్లాట్‌లో కర్సర్ గీతలు మౌస్ కంటే వెనకబడుతున్నాయి: వేగం పెంచడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీ వాడి, సముద్రపు లోతులను చూపే ఒక ఇంటరాక్టివ్ పటాన్ని తయారు చేస్తున్నాను. దాని నేపథ్యం చాలా బరువైనది. అడుగున లోతులను రంగు పట్టీలుగా చూపే కాంటూర్లు, వాటి మీద సన్నని కాంటూర్ గీతలు (ఒకే లోతు ఉన్న చోట్లను కలిపే గీతలు), అన్నిటికంటే పైన తీరరేఖల బహుభుజులు ఉన్నాయి. తీరరేఖల శీర్షాలే కొన్ని లక్షలు ఉంటాయి. ఈ నేపథ్యం మీద మౌస్‌తో పాటు కదిలే రెండు గీతలు ఉన్నాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. అవి కలిసే చోట లోతును అంకెల్లో చూపే చిన్న పెట్టె కనిపిస్తుంది. పటం కింద ఉన్న మరో చిన్న ప్లాట్‌లో, ఆ అడ్డగీత వెంబడి లోతు ఎలా మారుతోందో చూపే ప్రొఫైల్ గీత కూడా మౌస్ కదిలినప్పుడల్లా మారాలి.

సమస్య ఏమిటంటే, మౌస్‌ను కదిపిన ప్రతిసారీ గీతలు కొత్త చోటికి చేరడానికి దాదాపు అర సెకను పడుతోంది. మొదట నేను మౌస్ కాల్‌బ్యాక్‌లో (మౌస్ కదిలినప్పుడల్లా నడిచే ఫంక్షన్‌లో) గీతల స్థానాలు మార్చి, వెంటనే మొత్తాన్నీ మళ్లీ గీసే ‘డ్రా’ పిలిచేవాడిని. అప్పుడు ఈవెంట్లు వరుసగా పేరుకుపోయి, మౌస్‌ను ఆపేసిన తరువాత కూడా గీతలు కాసేపు తమంతట తాము నడుస్తూనే ఉండేవి. ‘డ్రా’ బదులు ‘డ్రా ఐడిల్’ వాడిన తరువాత ఆ పేరుకుపోవడం ఆగింది కానీ, ఒక్కో కదలికకు పట్టే సమయం మాత్రం తగ్గలేదు. నేపథ్యాన్ని పూర్తిగా తీసేసి చూస్తే గీతలు మౌస్‌ను ఏమాత్రం ఆలస్యం లేకుండా అనుసరిస్తున్నాయి కాబట్టి, లోపం గీతల్లో కాక నేపథ్యంలోనే ఉందని అర్థమైంది.

నేపథ్యాన్ని తేలిక చేయమని చాలామంది సలహా ఇస్తారని తెలుసు. అయితే ఈ పటాన్ని చూసేవారు కాంటూర్ల ఆకారాన్ని బట్టే ఎక్కడ ఏటవాలు ఉందో, ఎక్కడ లోయ మొదలవుతుందో గుర్తిస్తారు, కాబట్టి వివరం పోగొట్టడం నాకు ఇష్టం లేదు. మారని నేపథ్యాన్ని ప్రతిసారీ మళ్లీ గీయకుండా, మారే గీతలను మాత్రమే గీయమని లైబ్రరీకి చెప్పే మార్గం ఉందా? జూమ్ చేయడం, పటాన్ని పక్కకు జరపడం కూడా మునుపటిలాగే పనిచేయాలి.

జవాబు 1

మీరు కోరుకున్న మార్గం ఉంది, దానిని బ్లిటింగ్ అంటారు. దాని పనితీరు తెలియకుండా కోడ్‌ను నకలు చేసుకుంటే విండో పరిమాణం మారిన మొదటిసారే తెర చెదిరిపోతుంది కాబట్టి, ముందు మూలకారణం చెప్తాను.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ దృష్టిలో గీత, బహుభుజి, అక్షరాలు, అక్షాల మీది గుర్తులు అన్నీ ఆర్టిస్టులే. పూర్తి ‘డ్రా’ జరిగినప్పుడు అది ఆర్టిస్టులన్నిటినీ జెడ్-ఆర్డర్ ప్రకారం కిందినుంచి పైకి వరుసగా తీసుకుని, ప్రతి శీర్షాన్నీ డేటా నిర్దేశాంకాల నుంచి పిక్సెల్ నిర్దేశాంకాలకు మార్చి, ఆగ్ అనే రెండరర్ చేత ప్రాసెసర్ మీదే పిక్సెళ్లుగా గీయిస్తుంది. మీరు ఒక్క గీతను కదిపినా, ఆ గీత ఉన్న ఫిగర్ మొత్తం పాతబడిందనే గుర్తు పడుతుంది తప్ప, ఏ భాగం మారిందో, ఏది మారలేదో అది విడిగా లెక్క పెట్టుకోదు. అందువల్ల ఒక్కో కదలికకు అయ్యే ఖర్చు మీ రెండు గీతల మీద కాక, వాటి వెనక ఉన్న లక్షల శీర్షాల మీద ఆధారపడుతోంది. ‘డ్రా ఐడిల్’ చేసేది గీసే పనిని ఈవెంట్ లూప్ ఖాళీ అయ్యేదాకా వాయిదా వేసి, ఈలోగా వచ్చిన అభ్యర్థనలను ఒకటిగా కలపడమే. గీయాల్సిన పని అంతే ఉంటుంది కాబట్టి మీరు గమనించిన ఫలితమే వస్తుంది.

బ్లిటింగ్‌లో మనం చేసేది నేపథ్యాన్ని ఒక్కసారి గీయించి, ఆ పిక్సెళ్లను యథాతథంగా జ్ఞాపకంలో దాచుకోవడం. మారే వస్తువులైన మీ రెండు గీతలకు, అక్షరాల పెట్టెకు, ప్రొఫైల్ గీతకు ‘యానిమేటెడ్’ అనే లక్షణాన్ని ట్రూగా పెట్టండి. అలా పెట్టిన ఆర్టిస్టులను మామూలు ‘డ్రా’ వదిలేస్తుంది. కాబట్టి పూర్తి ‘డ్రా’ అయ్యాక కాన్వాస్ మీద మిగిలేది శుద్ధమైన నేపథ్యమే. దానిని ‘కాపీ ఫ్రమ్ బీబాక్స్’ ద్వారా దాచుకోండి. ఇక మౌస్ కదిలిన ప్రతిసారీ మూడు పనులే ఉంటాయి: దాచిన నేపథ్యాన్ని ‘రిస్టోర్ రీజియన్’తో తిరిగి పరచడం, మారిన ఆర్టిస్టులను ‘డ్రా ఆర్టిస్ట్’తో ఒక్కొక్కటిగా గీయడం, చివరకు ‘బ్లిట్’ పిలిచి ఫలితాన్ని తెరకు పంపడం. 1920×1080 పిక్సెళ్ల కాన్వాస్‌కు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 82,94,400 బైట్లు అవుతాయి. అన్ని బైట్లను జ్ఞాపకంలో ఒక చోటి నుంచి మరో చోటికి నకలు చేయడం నేటి కంప్యూటర్లకు కొద్ది మిల్లీసెకన్ల పని. నేపథ్యంలో వంద శీర్షాలు ఉన్నా పది లక్షలు ఉన్నా ఆ ఖర్చు మారదు. మీరు వివరం వదులుకోనక్కరలేదని నేను ధైర్యంగా చెప్పగలిగేది ఇందుకే.

‘రిస్టోర్ రీజియన్’ అడుగును వదిలేస్తే ఏమవుతుందో ఒకసారి చూడటం మంచిది. గీతలు తాము నడిచిన దారంతా చారలు వదులుతాయని ఎవరైనా ఊహిస్తారు. గీతలు కదలకుండా ఒకే చోట ఉన్నప్పుడు కూడా తేడా కనిపిస్తుంది. పెట్టెలోని అక్షరాల అంచులు పాక్షిక పారదర్శకతతో గీయబడతాయి కాబట్టి, ఒకదాని మీద ఒకటి పడుతున్న కొద్దీ ఆ లేత బూడిద అంచులు చిక్కబడి, అక్షరాలు బొద్దుగా, గరుకుగా మారిపోతాయి. మీ ప్రోగ్రాంలో అక్షరాలు క్రమంగా లావెక్కుతున్నాయంటే ఎక్కడో ఒక దారిలో నేపథ్యం తిరిగి పరచకుండానే గీస్తున్నారన్నమాట.

అసలైన కష్టం నేపథ్యాన్ని మళ్లీ ఎప్పుడు దాచుకోవాలన్న దానిలో ఉంది. విండో పరిమాణం మారినా, జూమ్ చేసినా, పటాన్ని జరిపినా పాత పిక్సెళ్లు పనికిరావు. వీటిలో ఒక్కోదానికీ విడిగా కాల్‌బ్యాక్ రాయకండి. ఇవన్నీ చివరకు ఒక పూర్తి ‘డ్రా’కే దారితీస్తాయి, అది ముగిసిన వెంటనే ‘డ్రా ఈవెంట్’ వస్తుంది. ఆ ఒక్క ఈవెంట్‌ను పట్టుకుని, అందులో నేపథ్యాన్ని దాచుకుని, యానిమేటెడ్ ఆర్టిస్టులను ఒకసారి గీయండి. ఆ కాల్‌బ్యాక్ లోపల మాత్రం ‘డ్రా’ పిలవకూడదు, పిలిస్తే అది మళ్లీ అదే ఈవెంట్‌ను పుట్టించి అంతులేని చక్రంలో పడుతుంది.

మీ ప్రొఫైల్ ప్లాట్ గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అక్షాల గుర్తులు, వాటి పక్కన ఉండే అంకెలు నేపథ్యంలో భాగం. ప్రొఫైల్ గీత మారినప్పుడల్లా నిలువు అక్షం తన హద్దులను తానే సరిచేసుకునేలా ఉంచితే, గీత కొత్త కొలతలో గీయబడుతుంది కానీ పక్కన ఉన్న అంకెలు పాతవే మిగిలిపోతాయి. ఇక్కడ వేగం కంటే ముందు దెబ్బతినేది ప్లాట్ చెప్పే నిజం, ఎందుకంటే చూసేవారు తప్పు లోతును చదువుతారు. మొత్తం డేటాలోని కనిష్ఠ, గరిష్ఠ లోతులను ముందే తీసుకుని ఆ అక్షం హద్దులను స్థిరంగా పెట్టండి. ప్రొఫైళ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి కూడా స్థిరమైన కొలతే నయం.

జవాబు 2

కాంటూర్లకు, తీరరేఖలకు ‘సెట్ రాస్టరైజ్డ్’ను (ఆకారాలను పిక్సెళ్ల చిత్రంగా మార్చమనే అమరికను) ట్రూగా పెట్టి చూశారా? ఒక పీడీఎఫ్ ఫైలు తెరుచుకోవడానికి విపరీతమైన సమయం పడుతున్నప్పుడు ఆ ఒక్క మార్పుతో ఫైలు పరిమాణం, తెరుచుకునే సమయం రెండూ బాగా తగ్గాయి. లేకపోతే నేపథ్యాన్ని ముందే ఒక పీఎన్‌జీ చిత్రంగా భద్రపరిచి, చిత్రాలను చూపే ‘ఇమ్‌షో’తో పరిచి, దాని మీద గీతలు గీయవచ్చు.

జవాబు 3

పై జవాబులోని మొదటి సూచన ఫైళ్ల విషయంలో పూర్తిగా నిజం కానీ, ఈ సమస్యకు వర్తించదు. ‘రాస్టరైజ్డ్’ లక్షణం పీడీఎఫ్, ఎస్‌వీజీ వంటి వెక్టర్ రూపాల్లోకి భద్రపరిచేటప్పుడు మాత్రమే ప్రభావం చూపుతుంది. తెర మీద ఆగ్ రెండరర్ ఎలాగూ పిక్సెళ్లుగానే గీస్తోంది, ప్రతిసారీ మొదటి నుంచి గీస్తోంది, కాబట్టి అక్కడ వేగం మారదు. రెండో సూచన, అంటే చిత్రంగా పరచడం, పటం చూపే ప్రాంతం ఎప్పటికీ మారనప్పుడు చక్కగా పనిచేస్తుంది. జూమ్ చేసిన మరుక్షణం తీరరేఖలు మసకబారతాయి కాబట్టి ప్రశ్న అడిగినవారికి అది ఒక్కటే చాలదు. అయినా ఆ చిత్రాన్ని పక్కన పెట్టుకోండి, జూమ్ విషయంలో అది మరో రూపంలో అక్కరకొస్తుంది.

బ్లిటింగ్ కర్సర్ సమస్యను తీరుస్తుంది. కానీ జూమ్ చేసిన ప్రతిసారీ పూర్తి ‘డ్రా’ తప్పదు కాబట్టి, నేపథ్యానికి అయ్యే ఖర్చును కూడా తగ్గించుకోవాలి. వివరం పోతుందన్న మీ భయం న్యాయమైనదే. అయితే తెర మీద కనబడే వివరం వేరు, ఫైలులో ఉన్న వివరం వేరు. ఉదాహరణకు 360 డిగ్రీల రేఖాంశాలను 1,800 పిక్సెళ్ల వెడల్పులో చూపుతున్నారనుకుందాం. ఒక్కో పిక్సెల్ 0.2 డిగ్రీలకు సమానం, అంటే భూమధ్యరేఖ దగ్గర దాదాపు 22 కిలోమీటర్లు. అంతకంటే చిన్న వంపు ఏదైనా ఒక్క పిక్సెల్‌లోనే ఇమిడిపోతుంది. మీ ఫైలులో ఆ ఒక్క పిక్సెల్ కోసం యాభై శీర్షాలు ఉంటే, యాభైనీ లెక్కించి ఒక చుక్క పెట్టడానికే ఆ సమయమంతా ఖర్చవుతోంది.

ఇలాంటి శీర్షాలను తగ్గించే పద్ధతి పాతదే. 1972లో రామర్, 1973లో డగ్లస్, ప్యూకర్ విడివిడిగా ప్రతిపాదించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. గీత రెండు కొసలనూ కలిపి, ఆ సరళరేఖకు అత్యంత దూరంగా ఉన్న శీర్షం మనం ఒప్పుకున్న సహనపరిమితి కంటే దగ్గరగా ఉంటే మధ్యలోని శీర్షాలన్నిటినీ వదిలేస్తారు. దూరంగా ఉంటే గీతను అక్కడ రెండుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద అదే పని మళ్లీ చేస్తారు. ఆకారాల జ్యామితి లెక్కలు చేసే షేప్లీ లైబ్రరీలోని ‘సింప్లిఫై’ ఇదే చేస్తుంది. సహనపరిమితిని సగం పిక్సెల్‌కు సమానంగా పెడితే, నా అనుభవంలో, అసలు పటాన్నీ తగ్గించిన పటాన్నీ పక్కపక్కన పెట్టినా కంటికి తేడా చిక్కదు. తీరరేఖలకు ఇది నిశ్చింతగా వాడవచ్చు. పక్కపక్కన ఆనుకుని ఉండే ప్రాంతాల సరిహద్దులైతే మాత్రం ఒక్కో బహుభుజిని విడిగా తగ్గించినప్పుడు ఉమ్మడి సరిహద్దు రెండు రకాలుగా మారి, మధ్యలో సన్నని ఖాళీలు ఏర్పడే ప్రమాదం ఉంది. అక్కడ ఉమ్మడి గీతలను ఒకే గీతగా దాచే టోపోజేసన్ వంటి రూపం అవసరం. మీ తీరరేఖలు మీ సొంత కొలతలు కాకపోతే, నేచురల్ ఎర్త్ డేటాలో 1:1 కోటి, 1:5 కోట్లు, 1:11 కోట్లు అనే మూడు స్కేళ్లలో ముందే తగ్గించిన తీరరేఖలు ఉచితంగా దొరుకుతాయి.

లైబ్రరీ తనంతట తానే గీతలను సరళం చేస్తుంది కదా అని మీరు అనవచ్చు. చేస్తుంది, ‘పాత్ సింప్లిఫై’ మొదటి నుంచీ అమలులోనే ఉంటుంది. దాని పరిమితి పిక్సెల్‌లో తొమ్మిదో వంతు. ‘ఫాస్ట్’ అనే స్టైల్ వాడితే ఆ పరిమితి 1 పిక్సెల్ అవుతుంది, గీతను 10,000 శీర్షాల ముక్కలుగా గీయడం కూడా మొదలవుతుంది. అయితే ఈ సౌకర్యం రంగు నింపని గీతలకే గానీ, రంగు నింపిన ఆకారాలకు వర్తించదు. మీ తీరరేఖలు రంగు నింపిన బహుభుజులు, మీ లోతు పట్టీలు కూడా రంగు నింపినవే. అందువల్ల మీ ప్లాట్‌లో అత్యంత బరువైన రెండు పొరలకూ దీనివల్ల ఏ లాభమూ లేదు.

లోతు పట్టీల విషయంలో నాకు మరింత గట్టి అభిప్రాయం ఉంది. మీ లోతుల డేటా క్రమమైన గ్రిడ్ మీద ఉంటే, రంగు నింపిన కాంటూర్లను బహుభుజులుగా గీయించడం అనవసరం. అదే గ్రిడ్‌ను ‘ఇమ్‌షో’తో చూపి, ఏ హద్దుల మధ్య ఏ రంగో నిర్ణయించే ‘బౌండరీ నార్మ్’ పెట్టి అవే లోతు హద్దులు ఇస్తే అవే పట్టీలు వస్తాయి. ఇంటర్పోలేషన్ (గ్రిడ్ బిందువుల మధ్య విలువలను అంచనా కట్టడం) రంగులకు కాక డేటాకు వర్తించేలా పెడితే పట్టీల అంచులు మెట్లుమెట్లుగా కాక నునుపుగా ఉంటాయి. సన్నని కాంటూర్ గీతలను ఎప్పటిలాగే పైన ఉంచుకోండి, ఏటవాలును కంటికి చూపించేవి అవే.

ఒక్కో ద్వీపాన్ని విడి ప్యాచ్‌గా (రంగు నింపిన విడి ఆకారంగా) చేర్చి ఉంటే వాటన్నిటినీ ఒకే ‘పాలీ కలెక్షన్’లోకి తెండి. విడి ప్యాచ్ ఒక్కోదానికి పైథాన్ స్థాయిలో ఒక్కో పిలుపు ఖర్చవుతుంది, కలెక్షన్ మొత్తం ఒకే పిలుపుతో లోపలి సీ ప్లస్ ప్లస్ కోడ్‌కు వెళ్తుంది. ‘కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్’ వాడుతుంటే అది ప్రతి పూర్తి ‘డ్రా’కూ ముందు అమరికను మళ్లీ లెక్కిస్తుంది కాబట్టి, మొదటిసారి గీశాక ‘సెట్ లేఅవుట్ ఇంజిన్’కు ‘నన్’ అనే పదాన్ని ఇచ్చి దానిని ఆపేయండి. లెజెండ్ (గుర్తుల వివరణ పెట్టె) స్థానం ‘బెస్ట్’ అని ఉంటే, ఖాళీ చోటును వెతకడానికి అది డేటా అంతా చూస్తుంది. ఒక మూలను మీరే నిర్ణయించి చెప్పండి.

అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మొదటి జవాబులో చెప్పినట్లు ‘డ్రా ఈవెంట్’ ఒక్కదానికే నేపథ్యం దాచుకునే పని అప్పగించాక గీతలు మౌస్‌ను అంటిపెట్టుకుని కదులుతున్నాయి, విండో పరిమాణం మార్చినా ఏమీ చెదరడం లేదు. ప్రొఫైల్ అక్షం హద్దులను కూడా స్థిరం చేశాను. లోతు పట్టీలను ‘ఇమ్‌షో’కు మార్చాక పూర్తి ‘డ్రా’ సమయం కూడా స్పష్టంగా తగ్గింది.

మరో రెండు విషయాలు మిగిలాయి. పటం మీద ద్వీపాల పేర్లు ఉన్నాయి, అవి కర్సర్ గీతలకు పైన కనబడాలి. ఇప్పుడు గీతలు పేర్ల మీదుగా పోతుండటం వల్ల చదవడం కష్టమవుతోంది. గీతల జెడ్-ఆర్డర్ తగ్గించినా మార్పు లేదు. రెండోది, మౌస్ చక్రంతో జూమ్ చేసినప్పుడు, పటాన్ని పట్టుకుని జరిపినప్పుడు ఇంకా కుదుపులు ఉన్నాయి. తీరరేఖలను గట్టిగా తగ్గిస్తే కుదుపులు పోతున్నాయి కానీ, దగ్గరగా జూమ్ చేసినప్పుడు చిన్న ద్వీపాలు త్రిభుజాలుగా కనిపిస్తున్నాయి. అది నేను ఒప్పుకోలేను.

జవాబు 4

జెడ్-ఆర్డర్ మార్చినా ఫలితం లేకపోవడం సహజమే. పేర్లు ఇప్పుడు దాచిన పిక్సెళ్లలో కలిసిపోయాయి. వాటికి ఇక పొర అంటూ లేదు. తరువాత గీసేది ఏదైనా ఆ పిక్సెళ్ల మీదే పడుతుంది. కాబట్టి పేర్లను కూడా యానిమేటెడ్ చేసి, మౌస్ కదిలిన ప్రతిసారీ గీతల తరువాత వాటిని గీయండి. అన్ని పేర్లనూ గీయనక్కరలేదు, ప్రస్తుతం కనబడుతున్న హద్దుల్లో ఉన్నవి మాత్రమే చాలు. ఆ జాబితాను జూమ్ మారినప్పుడు ఒకసారి సిద్ధం చేసి పెట్టుకోండి. యానిమేటెడ్ ఆర్టిస్టులను ఫైలులోకి భద్రపరిచేటప్పుడు లైబ్రరీ మామూలుగానే గీస్తుంది కాబట్టి, ముద్రణకు పంపే చిత్రంలో పేర్లు మాయమవుతాయన్న బెంగ అక్కరలేదు.

ఇక జూమ్ సంగతి. ఒకే స్థాయికి తగ్గించిన తీరరేఖ అన్ని జూమ్‌లకూ సరిపోదు. దూరం నుంచి చూసినప్పుడు సగం పిక్సెల్‌కు సమానమైన సహనపరిమితి, యాభై రెట్లు దగ్గరికి వెళ్లాక పాతిక పిక్సెళ్లవుతుంది. మీ ద్వీపాలు త్రిభుజాలుగా మారడానికి కారణం ఇదే. అసలు తీరరేఖ నుంచి మూడు నాలుగు స్థాయిలను ముందే తయారు చేసి పెట్టుకుని, కనబడుతున్న వెడల్పును పిక్సెళ్లతో భాగించి, దానికి సరిపడే స్థాయిని ఎంచుకోండి. అత్యంత సూక్ష్మమైన స్థాయికి వెళ్లినప్పుడు తెర మీద కనబడే ప్రాంతం ఎలాగూ చిన్నది కాబట్టి, ఆ ప్రాంతాన్ని తాకే బహుభుజులను మాత్రమే కలెక్షన్‌లోకి పంపండి. వాటిని వేగంగా వెతికిపెట్టడానికి షేప్లీలో ‘ఎస్‌టీఆర్ ట్రీ’ అనే సూచిక ఉంది. ఈ వడపోతను లైబ్రరీకి వదిలేయకండి, తెర బయట ఉన్న శీర్షాలు గీయబడకపోయినా వాటిని పిక్సెల్ నిర్దేశాంకాలకు మార్చే పని మాత్రం జరుగుతూనే ఉంటుంది.

వెబ్ పటాలు ఈ ఆలోచననే చివరిదాకా తీసుకెళ్లాయి. అవి 256×256 పిక్సెళ్ల పలకలను ముందే తయారు చేసి ఉంచుకుంటాయి. ఒక్కో జూమ్ స్థాయికి వెడల్పూ ఎత్తూ రెట్టింపు అవుతాయి కాబట్టి పలకలు నాలుగు రెట్లు పెరుగుతాయి. 3వ స్థాయిలో 64 పలకలు ఉంటే, 10వ స్థాయికి వచ్చేసరికి 10,48,576 అవుతాయి. మీ పటానికి అంత దూరం పోనక్కరలేదని నా అభిప్రాయం, స్థాయిలవారీ తీరరేఖలు చాలు.

పటం కదులుతున్నంతసేపూ చూసేవారికి సూక్ష్మ వివరం అక్కరలేదు, కదలిక చేతికి అందడమే ముఖ్యం. కాబట్టి పని రెండు దశలుగా చేయండి. పట్టుకుని జరపడం మొదలైన వెంటనే కాంటూర్ గీతలను, తీరరేఖల సూక్ష్మ స్థాయిని దాచి, లోతు పట్టీల చిత్రంతో పాటు అత్యంత స్థూలమైన తీరరేఖను మాత్రమే ఉంచండి. మూడో జవాబులో పక్కన పెట్టుకోమన్న ముందే గీసిన చిత్రం ఇక్కడే అక్కరకొస్తుంది, కదిలేటప్పుడు అది కాస్త మసకగా ఉన్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు. మౌస్ బటన్ వదలగానే అన్నిటినీ తిరిగి చూపి ఒక్క పూర్తి ‘డ్రా’ చేయండి. మౌస్ చక్రంతో చేసే జూమ్‌కు వదలడం అంటూ ఉండదు కాబట్టి అక్కడ కాన్వాస్ ఇచ్చే టైమర్ వాడాలి. ‘న్యూ టైమర్’తో 150 నుంచి 200 మిల్లీసెకన్ల వ్యవధి ఉన్న, ఒక్కసారే మోగే టైమర్‌ను తయారు చేసుకుని, చక్రం తిరిగిన ప్రతిసారీ దానిని ఆపి మళ్లీ మొదలుపెట్టండి. చక్రం ఆగిన తరువాతే అది మోగుతుంది, అప్పుడే సూక్ష్మమైన పటం గీయబడుతుంది.

పటం జరుగుతున్నంతసేపూ కర్సర్ గీతలను గీయకండి. టూల్‌బార్‌లో జూమ్ గానీ, జరిపే సాధనం గానీ ఎంచుకుని ఉంటే దాని ‘మోడ్’ విలువ ఖాళీగా ఉండదు, మీ మౌస్ కాల్‌బ్యాక్ మొదట్లోనే దానిని పరీక్షించి వెనక్కి తిరగండి. లేకపోతే ఒకే కదలికకు రెండు పనులు పోటీపడి, జూమ్ కోసం గీసే దీర్ఘచతురస్రం మినుకుమినుకుమంటుంది.

జవాబు 5

ఇంతవరకూ ఎవరూ ప్రస్తావించని బ్యాకెండ్ (గీసిన చిత్రాన్ని విండోలో చూపే భాగం) గురించి రెండు మాటలు. మ్యాక్ కంప్యూటర్లలో లైబ్రరీ మామూలుగా ఎంచుకునే సొంత బ్యాకెండ్‌లో, పాత వెర్షన్లలో బ్లిటింగ్ పనిచేసేది కాదు. అదే కంప్యూటర్‌లో క్యూటీ ఆగ్ అనే మరో బ్యాకెండ్‌కు మారితే పనిచేసేది. మీ ప్రోగ్రాంను ఇతరులకు ఇవ్వబోతుంటే మొదటి పంక్తుల్లోనే బ్యాకెండ్‌ను స్పష్టంగా నిర్ణయించండి. నోట్‌బుక్‌లో నడిపేవారికి పరిస్థితి వేరు. అక్కడ తయారైన చిత్రాన్ని పీఎన్‌జీగా కుదించి బ్రౌజర్‌కు పంపాలి కాబట్టి, గీయడం ఎంత వేగంగా ముగిసినా ఆ కుదింపు, ప్రయాణం మిగులుతాయి. సర్వర్ దూరంగా ఉంటే ఆ జాప్యాన్ని బ్లిటింగ్ తగ్గించలేదు. 3840×2160 తెర మీద పిక్సెళ్లు నాలుగింతలవుతాయి కాబట్టి నకలు చేయాల్సింది కూడా 3.3 కోట్ల బైట్లకు చేరుతుంది. అక్కడ మొత్తం ఫిగర్‌ను కాక, మారే ప్లాట్ల హద్దులను మాత్రమే దాచి, తిరిగి పరిచి, బ్లిట్ చేయడం వల్ల కొంత కలిసి వస్తుంది.

జవాబు 6

ఇదే పని బ్రౌజర్‌లో చేయదలచినవారు ఈ చర్చ చదువుతుంటే, సూత్రం అక్కడా ఇదే. ఎస్‌వీజీలో ప్రతి ఆకారం పేజీలో ఒక నోడ్ అవుతుంది కాబట్టి వేల బహుభుజులకు అది తగదు. ఒకదాని మీద ఒకటి రెండు కాన్వాస్‌లు పెట్టి, కింది దాని మీద నేపథ్యాన్ని ఒకసారి గీసి, పైదానిని మాత్రమే ప్రతి కదలికకూ తుడిచి గీయాలి. ద్వీపాల పేర్ల వంటివి గీతలకు పైన ఉండాలంటే మూడో కాన్వాస్ చేర్చడం ఒక్క పంక్తి పని, ఈ సౌకర్యం అక్కడ చాలా హాయిగా ఉంటుంది. సెకనుకు 60 సార్లు మారే తెర మీద ఒక ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లే. మౌస్ ఈవెంట్లు అంతకంటే తరచుగా రావచ్చు కాబట్టి, ఈవెంట్ వచ్చినప్పుడు స్థానాన్ని గుర్తుపెట్టుకుని, బ్రౌజర్ ‘రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్’ ద్వారా పిలిచినప్పుడు మాత్రమే గీయాలి. నేపథ్యంలో గీతల బదులు కోట్ల బిందువులు ఉన్నవారు డేటాషేడర్‌ను పరిశీలించవచ్చు. అది బిందువులను ఒక్కొక్కటిగా గీయకుండా, ఒక్కో పిక్సెల్‌లో ఎన్ని పడ్డాయో లెక్కించి చిత్రంగా ఇస్తుంది.

అడిగినవారి స్పందన

పేర్లను గీతల తరువాత గీయడం, స్థాయిలవారీ తీరరేఖలు, టైమర్ అన్నీ అమలు చేశాను. జూమ్ ఇప్పుడు చేతికి అందుతోంది. చిన్న ద్వీపాలు కూడా తమ ఆకారంతో కనిపిస్తున్నాయి. ఒక్క సందేహం ఉంది. కర్సర్‌ను వేగంగా తిప్పినప్పుడు అక్షరాల పెట్టె అప్పుడప్పుడూ ఒక్క క్షణం తడబడుతోంది. లోతును ప్రతిసారీ ఇంటర్పోలేషన్‌తో లెక్కించడం వల్లనేమో అని అనుమానం.

జవాబు 1 రాసినవారు

అనుమానం మీద మార్పులు చేసే ముందు కొలవండి. కాల్‌బ్యాక్ లోపల ‘పెర్ఫ్ కౌంటర్’తో నాలుగు చోట్ల సమయం తీసుకోండి: లోతు లెక్కించాక, నేపథ్యం పరిచాక, ఆర్టిస్టులను గీశాక, బ్లిట్ అయ్యాక. ఆ విలువలను ఒక జాబితాలో చేర్చుకుంటూ పోయి చివర్లో చూడండి. కాల్‌బ్యాక్‌లోనే తెర మీద ముద్రిస్తే ఆ ముద్రణే సమయం తింటుంది.

లోతు లెక్కింపే ఎక్కువ సమయం తీసుకుంటోందని తేలితే, ఇంటర్పోలేటర్‌ను ప్రతి కదలికకూ కొత్తగా నిర్మిస్తున్నారేమో చూడండి, దానిని మొదట్లో ఒక్కసారి నిర్మిస్తే చాలు. మీ గ్రిడ్ క్రమమైనది కాబట్టి ఇంకా తేలికైన దారి కూడా ఉంది. మౌస్ రేఖాంశం నుంచి గ్రిడ్ మొదటి రేఖాంశాన్ని తీసివేసి, గ్రిడ్ అంతరంతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే నిలువు వరుస సంఖ్య వస్తుంది. అక్షాంశంతో అలాగే చేస్తే అడ్డు వరుస సంఖ్య వస్తుంది. ప్రొఫైల్ గీతకు కావలసింది ఆ అడ్డు వరుస మొత్తమే, అక్కడ లెక్కించాల్సింది ఏమీ లేదు.

ఆర్టిస్టులను గీయడమే ఎక్కువ సమయం తీసుకుంటోందని తేలితే, పెట్టెలోని అక్షరాల మధ్య డాలరు గుర్తులు ఉన్నాయేమో చూడండి. అవి ఉంటే లైబ్రరీ ఆ భాగాన్ని గణిత సూత్రంగా అర్థం చేసుకుని అమరుస్తుంది. ఆ అమరికను అది జ్ఞాపకంలో దాచుకున్నా, అంకె మారిన ప్రతిసారీ కొత్త వాక్యమే కాబట్టి పాతది పనికిరాదు. డిగ్రీ గుర్తును గణిత సూత్రంగా కాక నేరుగా యూనికోడ్ అక్షరంగా రాయండి. లోతును మీటర్లలో పూర్ణాంకంగా చూపితే, మౌస్ కొద్దిగా కదిలినప్పుడు అంకె మారకుండా చాలాసార్లు పాత వాక్యమే మిగులుతుంది. వాక్యం మారనప్పుడు ‘సెట్ టెక్స్ట్’ పిలవకుండా, పెట్టె స్థానాన్ని మాత్రమే మార్చండి.